ఇంజను గదిలో రెండో టర్బోకి చోటు

మన కాలేజీ విద్యార్థి సంఘం వారు ఈ ఏటి సావనీరుకి పాత విద్యార్థులు కూడా ఏదైనా రాసి పంపాలని కోరారు. "ఏదైనా" అన్న మాటను గట్టిగా పట్టుకుని నేను డీజిల్ ట్రక్కు ఇంజను గురించి రాస్తున్నాను. కవిత కోసం పేజీ తిప్పినవారు మన్నించాలి. మెకానికల్ బ్రాంచి మిత్రులకి ఇందులో నాలుగు లెక్కలున్నాయి. తక్కినవారికి ఒక తగాదా ఉంది. అది చోటు తగాదా.

చోటు తగాదా అంటే ఏమిటో మన హాస్టలు వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. ఇద్దరు పట్టే గదిలో మూడో మంచం వెయ్యాల్సి వచ్చిందనుకోండి. బల్ల గోడకి జరుపుతాం. బకెట్లు మంచం కిందికి తోస్తాం. తాడు కట్టి బట్టలు పైకెత్తుతాం. అప్పటికీ చాలకపోతే? ఆ సమయానికి గదిలో లేనివాడి పెట్టె వరండాలోకి పోతుంది. వాడు ఊర్నించి వచ్చేదాకా అడిగే నాథుడుండడు. ఇంజను గదిలో కూడా సరిగ్గా ఇదే జరుగుతోందని నా ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నా వంతు నేరం కూడా కొంత ఉంది. అది చివర్లో ఒప్పుకుంటాను.

ముందు అసలు సంగతి. డీజిల్ ఇంజనుకి బలం కావాలంటే డీజిల్ ఎక్కువ పొయ్యాలి. అది పూర్తిగా కాలాలంటే గాలి ఎక్కువ కావాలి. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు గాలి కొద్దీ మంట. గాలి చాలని డీజిల్ నల్లటి పొగగా బయటికి పోతుంది, అంతే. ఇంజన్లోంచి వృథాగా పోయే వేడి వాయువుతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకి రెండో చివరనున్న మరో చక్రంతో బయటి గాలిని సిలిండర్లలోకి దట్టించే సాధనమే టర్బో. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి ఈ ఊహకి పేటెంటు కోరింది 1905లో. నూట ఇరవై ఏళ్ళు గడిచాయి. ఇవాళ మన రోడ్డు మీద ఇసక మోసే లారీకి కూడా టర్బో ఉంది.

మరి రెండెందుకు? చిన్న టర్బో తొందరగా తిరుగుతుంది గానీ వేగం పెరిగాక ఇంజనుకి ఊపిరాడనివ్వదు. పెద్ద టర్బో బోలెడు గాలినిస్తుంది గానీ తిరగటానికి బద్ధకం; అది లేచేలోగా ఇంజను దట్టంగా పొగ కక్కుతుంది. అందుకని రెంటినీ ఒకదాని తరవాత ఒకటి కలుపుతారు. బయటి గాలిని మొదట పెద్దది పట్టి కొంత నొక్కి చిన్నదానికి అందిస్తుంది. చిన్నది దాన్ని మళ్ళీ నొక్కుతుంది. ఇంజన్లోంచి వచ్చే వేడి వాయువు మాత్రం ముందు చిన్నదాన్ని తిప్పి, తరవాత పెద్దదాన్ని తిప్పి పోతుంది. ఇందులో సొగసేమిటంటే ఒత్తిడి నిష్పత్తులు కూడుకోవు, గుణించుకుంటాయి. పెద్దది 2 రెట్లు, చిన్నది 2.5 రెట్లు నొక్కితే మొత్తం 5 రెట్లు. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పి.ఎస్.ఐ. కాబట్టి లోపల 73.5 అవుతుంది. గేజి మీద చూస్తే 59కి కాస్త తక్కువ. అంత నిష్పత్తిని ఒకే ఒక్క టర్బోతో రాబట్టాలంటే అది ప్రాణాలు తీసుకునేంత వేగంగా తిరగాలి, సామర్థ్యమూ పడిపోతుంది.

ఇంతవరకు మనకి క్లాసులో చెప్పారు. బోర్డు మీద రెండు కంప్రెసర్లు, రెండు టర్బైన్లు, మధ్య బాణం గుర్తులు. నేను ఆ బొమ్మ వేసి పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నాను. అయితే ఆ బాణం గుర్తుకి లావు లేదు, వేడి లేదు, బరువు లేదు. నిజం బండిలో ఆ బాణం నాలుగంగుళాల లావు గొట్టం. గాలిని 5 రెట్లు నొక్కితే ఎంత వేడెక్కుతుందో మన థర్మోడైనమిక్స్ సూత్రంతోనే కట్టి చూడండి. 27 డిగ్రీల దగ్గర లోపలికొచ్చిన గాలి, కంప్రెసర్ల సామర్థ్యం 75 శాతం అనుకుంటే, సుమారు 260 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. అది చల్లారటానికి రేడియేటరు ముందున్న ఇంటర్‌కూలరుదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి రావాలి. ఇక ఎగ్జాస్టు వైపు గొట్టమైతే బరువు లాగేటప్పుడు 700 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఇవన్నీ ఎక్కడ పెడతారు స్వామీ? బొమ్మలో ఆ ప్రశ్నే లేదు.

ఆ ప్రశ్న నాకు ఎదురైంది పై చదువుకి అమెరికా వెళ్ళాకనే. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో, చుట్టూ మొక్కజొన్న చేలున్న ఒక చిన్న ఊళ్ళో రెండేళ్ళున్నాను. నా గది వెనక వీధిలో ఓ పెద్దాయన షెడ్డు ఉండేది. వ్యవసాయం, వెల్డింగు రెండూ ఆయన వృత్తులే. ఆయనకొక పికప్పు ట్రక్కు ఉండేది. పికప్పు అంటే మన లారీలాంటిది కాదు; ముందు బానెట్, మధ్య క్యాబ్, వెనక తొట్టి ఉండే బండి. అక్కడి రైతులకి మన ఎడ్లబండీ, ట్రాక్టరూ, జీపూ కలిపితే ఎంతో అంత. డాడ్జ్ కంపెనీ 1989 మోడలు నుంచి తన పెద్ద పికప్పుల్లో కమిన్స్ వారి 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను పెట్టింది. ఆయనది ఆ ఇంజనున్న 1990ల బండి. ఈ ఇంజను మనకి పరాయిది కాదు. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ సంస్థ జంషెడ్‌పూర్‌లో ఈ శ్రేణి ఇంజన్లే చేసింది. టాటా లారీల్లో అవి మన రోడ్ల మీద లక్షల మైళ్ళు తిరిగాయి.

సిలిండర్లన్నీ ఒకే వరసలో ఉన్న ఇంజను కాబట్టి గాలి ఎడమ పక్కనుంచి లోపలికి పోతుంది, వేడి వాయువు కుడి పక్కకి వస్తుంది. టర్బో ఉండేది ఆ కుడి పక్కనే. కాబట్టి రెండోదీ అక్కడికే రావాలి. ఆ రెండోది తక్కువ తిన్నదేం కాదు. చూడబోతే ఓ మోస్తరు బిందెంత ఉంది. కుడి పక్క అప్పటికే ఎవరెవరున్నారు? ఒక బ్యాటరీ, గాలి వడపోత పెట్టె, ఏ.సి. గొట్టాలు, వైర్ల కట్ట, టర్బో కిందుగా ఆయిల్ ఫిల్టరు. గుడారంలోకి తల దూర్చిన ఒంటె కథ మనం చిన్నప్పుడు చదువుకున్నాం. ఈ ఒంటె తలతోనే గుడారం నిండిపోయేట్టుంది.

నేను సాయం చేస్తానని వెళ్ళి, మొదటి రోజే కొలతలు తీసి కంప్యూటరులో బొమ్మ వెయ్యబోయాను. పెద్దాయన నవ్వి, ఓ అట్టపెట్టె, కత్తెర, రెండు ఖాళీ రంగు డబ్బాలు, ప్లంబింగు ప్లాస్టిక్ గొట్టాలు చేతికిచ్చాడు. అసలు టర్బో తెచ్చే ముందు దాని కొలతకి అట్టతో ఒకటి చేసి, ఇంజను పక్కన వేలాడదీసి, దాని చుట్టూ వారం రోజులు తిరిగాం. ఏ రెంచి ఎటు తిరుగుతుందో, బానెట్ మూస్తే ఏది తగులుతుందో ఆ అట్ట బొమ్మే చెప్పింది.

తరవాత ఒక్కొక్కరినీ జరపటం మొదలెట్టాం. గమనించండి, జరపటం అంటున్నాను. కుడి పక్క బ్యాటరీని వెనక తొట్టి కిందికి మార్చాం. మార్చటమంటే మోసుకెళ్ళి పెట్టటం కాదు. డీజిల్ ఇంజను స్టార్టరు వందల ఆంపియర్లు లాగుతుంది. 500 ఆంపియర్లనుకుని, 5 మీటర్ల పొడవున 50 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే ఒక్క వైపే 0.86 వోల్టు దారిలో పోతుంది. 12 వోల్టుల్లో అది చిన్న దొంగతనం కాదు. అందుకని ఇంకా లావు తీగ తెచ్చాం, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేశాం, ఇనప చట్రానికి ఒరుసుకోకుండా తొడుగు తొడిగాం. నేను నాలుగేళ్ళు చదివిన ఎలక్ట్రికల్ టెక్నాలజీ ఆ మధ్యాహ్నమే నాకు అర్థమైంది.

గాలి వడపోత పెట్టె సంగతి ఇంకోటి. చోటుంది గదా అని దాన్ని వేడి గొట్టం పక్కకి నెట్టామనుకోండి. 30 డిగ్రీల గాలికి బదులు 60 డిగ్రీల గాలి పీలిస్తే సాంద్రత 9 శాతం పడిపోతుంది. గాలి కోసమని రెండో టర్బో పెట్టి, ఆ గాలినే ఇలా పోగొట్టుకోవటం తెలివైన పని కాదు. చివరికది ముందు మూలకి, చల్లగాలి తగిలే చోటికి వెళ్ళింది. మధ్యలో రేకు అడ్డం పెట్టాం.

అన్నిటికంటె మొండికేసింది నూనె. టర్బో బేరింగులకి ఇంజను ఆయిలు ఒత్తిడితో వెళుతుంది, కానీ అక్కణ్ణించి తిరిగొచ్చేటప్పుడు ఒత్తిడేమీ ఉండదు. నురగలాగా తనంతట తాను కిందికి జారి సంపులో పడాలి. అంటే టర్బో ఎంత కిందికి దిగినా సంపులోని నూనె మట్టం కన్నా బాగా పైనే ఉండాలి, ఆ గొట్టం నిట్టనిలువుకి దగ్గరగా ఉండాలి. మేము ముందు చట్రం పక్కన చక్కగా ఇమిడే చోటు చూసుకుని సంబరపడ్డాం. తీరా చూస్తే నూనె దిగటానికి వాలు లేదు. బ్రాకెట్ కోసి, టర్బోని రెండంగుళాలు పైకెత్తాం. ఎత్తగానే అది ఏ.సి. గొట్టానికి తగిలింది. ఏ.సి. తీసేద్దామా అన్నాను. "మా ఆవిడ ఇందులో కూర్చుంటుంది. నువ్వెళ్ళి ఆవిడకి చెప్పి రా" అన్నాడు. గొట్టం వంపు మార్చి, వేడి తగలకుండా కవచం వేశాం.

ఇంకో రెండు పాఠాలు చెప్పి ఊరుకుంటాను. ఇంజను కదలదని మనం అనుకుంటాం. పటంలో అది కదలదు. నిజానికి బరువు లాగేటప్పుడు అది తన రబ్బరు దిమ్మెల మీద ఒక పక్కకి ఒరుగుతుంది. పెద్దాయన గొట్టానికీ చట్రానికీ మధ్య పిల్లలు ఆడుకునే మైనపు మట్టి ముద్ద పెట్టి, బండిని గేరులో వేసి బ్రేకు తొక్కి ఓసారి రేజ్ చేశాడు. ముద్ద ఎంత పల్చబడిందో స్కేలుతో కొలిచాడు. అదీ అసలు ఖాళీ! ఇక రెండోది: అర మీటరు స్టీలు గొట్టం 600 డిగ్రీలు వేడెక్కితే సుమారు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడికి దారి ఇవ్వకపోతే టర్బోనో మానిఫోల్డునో పగలగొట్టి తన దారి తను చూసుకుంటుంది. అందుకని మధ్యలో ముడతల గొట్టం ఒకటి పెట్టాలి. దానికీ మళ్ళీ చోటు కావాలి.

అన్నీ అయ్యాక పెద్దాయన కింద పడుకుని ఆయిల్ ఫిల్టరు ఓసారి ఊడదీసి మళ్ళీ బిగించాడు. చెయ్యి పట్టింది. అప్పుడు గానీ పని పూర్తయిందని ఒప్పుకోలేదు. ఇది చాదస్తం కాదు. ఫోర్డ్ కంపెనీ 2008 నుంచి 2010 దాకా 6.4 లీటర్ల వి-8 ఇంజనుకి ఫ్యాక్టరీలోనే ఇలా వరస టర్బోలు రెండు అమర్చింది. టర్బోలు ఇమిడాయి, చేతులే ఇమడలేదు. ఆ ఇంజన్లో పెద్ద మరమ్మతంటే క్యాబ్ మొత్తాన్ని చట్రం మీంచి పైకెత్తే పద్ధతి మెకానిక్కులకి మామూలైపోయింది. చోటు చెయ్యటంలో పెద్దలు కూడా ఎవరినో ఒకర్ని మరచిపోతారన్నమాట. ఇక్కడ మరచిపోయింది మెకానిక్కుని.

మొత్తం మీద ఆ బండికి మూడు వారాలు పట్టింది. ఇంజను గదిలోంచి ఒక్క వస్తువు కూడా బయటికి పోలేదు. చోటు మారింది గానీ ఎవరి పని వారు చేస్తూనే ఉన్నారు.

ఇప్పుడు నా నేరం.

అదే షెడ్డుకి ఓ కుర్రవాడు తన బండి తెచ్చాడు. అది ఇంకా కొత్తది, 2007 తరవాతది. కంపెనీ పేరు అనవసరం. అమెరికాలో ఆ ఏటి నుంచి డీజిల్ బండ్ల పొగ మీద నిబంధనలు బిగించారు కాబట్టి, ఆ బండిలో కొత్తగా ఇద్దరు అద్దెకున్నారు. ఒకటి ఇ.జి.ఆర్. కూలరు. ఎగ్జాస్టు వాయువు కొంత చల్లార్చి మళ్ళీ సిలిండర్లలోకి పంపుతుంది. దానివల్ల మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. రెండోది డి.పి.ఎఫ్., పొగలోని మసిని పట్టి ఆపే వడపోత. మొదటిది ఇంజను పక్కన, ఎగ్జాస్టు మానిఫోల్డుని ఆనుకునే ఉంటుంది. సరిగ్గా రెండో టర్బో వాలాల్సిన చోటు!

కుర్రవాడికి మూడు వారాలు ఆగే ఓపిక లేదు. కూలరు పీకేస్తే ఎంతో ఖాళీ. పీకేసిన చోట రంధ్రం మూయటానికి ఒక పలక కావాలి. "నువ్వు ఇంజనీరింగు చదువుతున్నావుగా, గీసిపెట్టు" అన్నాడు. పెద్దాయన ఆ రోజు షెడ్డులో లేడు. ఆరు మిల్లీమీటర్ల మందం, నాలుగు బోల్టు రంధ్రాలు, మూలలు గుండ్రం. ఇరవై నిమిషాల్లో గీసిచ్చాను. నలభై డాలర్లిచ్చాడు. నా జీవితంలో అంత తేలికైన డ్రాయింగు మరోటి లేదు. బ్యాటరీ జరపటానికి రెండు రోజులు, నూనె గొట్టానికి నాలుగు రోజులు కొట్టుకున్నవాణ్ణి, దీనికి మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేసుకోలేదు. తరవాత డి.పి.ఎఫ్. కూడా పోయింది, దాని చోట ఖాళీ గొట్టం వచ్చింది. ఇంజను కంప్యూటరు ఆ లోపాన్ని గుర్తించకుండా ఎవరో సర్దిపెట్టారు.

ఏ.సి. జోలికెళ్తే అడగటానికి ఒక ఇల్లాలుంది. బ్యాటరీ తీసేస్తే చలికాలం పొద్దున బండే అడుగుతుంది. ఇ.జి.ఆర్. తీసేస్తే అడిగేదెవరు? అది పనిచేస్తున్నది బండిలో ఉన్నవాళ్ళ కోసం కాదు, బండి వెనక నడిచేవాళ్ళ కోసం. గదిలో లేనివాడి పెట్టె అంటే అదే.

కొన్నేళ్ళ తరవాత, 2020 నవంబరులో, అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ లెక్కగట్టి ఒక నివేదిక ఇచ్చింది. అంతకు ముందు దశాబ్దంలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్పుల్లో ఇలా పొగ నియంత్రణ సాధనాలు పీకేశారట. ఆ బండ్లు తమ జీవితకాలంలో అదనంగా వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు 5 లక్షల 70 వేల టన్నులట. నిబంధన పాటించే బండ్లు మరో 90 లక్షలు రోడ్డెక్కినట్టట. డీజిల్ పొగ మనుషులకి క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చి చెప్పింది. ఆ ఐదున్నర లక్షల్లో నా పలక ఒకటి ఉంది. దాన్ని ఏ నివేదికా విడిగా లెక్కపెట్టదు గానీ నాకు తెలుసు.

అవతలి పక్షం వాదన కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఈ సాధనాలు మసితో పూడుకుపోతాయి, కూలర్లు కారతాయి, కోతల కాలంలో బండి ఆగితే రైతుకి నష్టం, మరమ్మతుకి వేలల్లో ఖర్చు అంటారు. నిజమే, కాదనను. కంపెనీలు తొందరపడి పెట్టిన సరుకు చాలా చోట్ల సరిగ్గా లేదు. కంపెనీలేమన్నా పతివ్రతలా అనీ అడుగుతారు. అదీ సబబే. పైన నేను మెచ్చుకున్న కమిన్స్ కంపెనీయే, 2013 నుంచి 2019 దాకా వచ్చిన 6 లక్షల 30 వేల ర్యామ్ పికప్పు ఇంజన్లలో పొగ నియంత్రణని తప్పించే ఏర్పాట్లు పెట్టిందన్న ఆరోపణ మీద, 167.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టటానికి 2023 డిసెంబరులో ఒప్పుకుంది. షెడ్డులో కుర్రవాడు రెంచితో చేసిన పని పెద్ద ఇంజన్ల విషయంలో కంప్యూటరు ప్రోగ్రాముతో జరిగిందని ప్రభుత్వ వాదన. కానీ మిత్రులారా, కూలరు కారుతుంటే కారని కూలరు చెయ్యటం మన పని. ఇరుకైతే ఇముడ్చుకోవటం మన పని. అది కష్టం కాబట్టి తీసెయ్యటమే మార్గమంటే, కష్టం లేని చోట ఇంజనీరు దేనికి?

ఇది అమెరికా గొడవ, మనకేమిటనుకోకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త బండ్లకి బి.ఎస్. 6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. మన కొత్త లారీలకి కూడా మసి వడపోతలు, యూరియా ద్రవం ట్యాంకులు వచ్చాయి. దేశానికి తిరిగొచ్చాక ఓసారి బెజవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ గారి దగ్గర కూర్చున్నాను. "మేస్త్రీ గారూ, ఇవి తీసెయ్యమని అడిగేవాళ్ళున్నారా?" అన్నాను. "ఎందుకు లేరు బాబూ, ఉన్నారు. యూరియా ఖర్చు దండగంటారు. మావాడొకడు తియ్యటం నేర్చుకుంటానన్నాడు, వద్దురా అన్నాను" అన్నాడు. ఎందుకు వద్దన్నారని అడిగితే, పొగ బయటికి పోయేది ఈ రోడ్డు మీదకే గదా, తమ షెడ్డు ఉన్నదీ ఈ రోడ్డు మీదే గదా అన్నాడు. ఆయన చదివింది ఏడో తరగతి. నా చేతికి పలక గీసే నాటికి డిగ్రీ ఉంది.

ఇందులో మన చదువు తప్పు కొంత ఉందని నా అభిప్రాయం. మా లెక్చరర్లంటే నాకు ఎనలేని గౌరవం. వారు చెప్పిన సూత్రాలతోనే పై లెక్కలన్నీ కట్టాను. అయితే ప్రతి భాగాన్నీ విడివిడిగా, తెల్ల కాగితం మీద, చుట్టూ ఎవరూ లేనట్టుగా గీయటమే మనకి నేర్పారు. కాగితం మీద చోటుకి కరువు లేదు. అందుకని ఇరుగు పొరుగులతో ఎలా మసలుకోవాలో మన డ్రాయింగుకి తెలీదు. నిజం ఇంజను గదిలో ఖాళీ జాగా అంటూ ఉండదు. ఉన్నదంతా ఎవరిదో ఒకరిది.

కాబట్టి మెకానికల్ శాఖ వారికి నాదొక మనవి. వర్క్‌షాపులో పాత లారీ ఒకటి, చట్రంతో సహా, ఇంజనుతో సహా పెట్టించండి. తుక్కు ధరకి దొరుకుతుంది. మెషీన్ డ్రాయింగు క్లాసుని ఒక నెల అక్కడికి మార్చండి. ఒక్కో జట్టుకి ఒక్కో కొత్త వస్తువిచ్చి, దీనికి చోటు చూపించమనండి. రెండో టర్బోయే కానక్కర్లేదు. పెద్ద ఇంటర్‌కూలరు కావచ్చు, యూరియా ట్యాంకు కావచ్చు. అట్టతో చెయ్యనివ్వండి. మైనపు మట్టి పెట్టి కొలవనివ్వండి. బొమ్మతో పాటు ఒక పట్టిక కూడా అడగండి. అందులో మూడు గళ్ళు: అక్కడ ఇంతకు ముందు ఏముంది, అది ఏం పని చేస్తోంది, ఎవరి కోసం చేస్తోంది. ఆ మూడో గడికి కూడా మార్కులు వెయ్యండి. నాకు ఆ గడి నింపే అలవాటుంటే ఆ నలభై డాలర్లు తీసుకునేవాణ్ణి కాదేమో.

రేపు మీలో కొందరు వాహనాల కంపెనీల్లో చేరతారు, కొందరు విదేశాలకి పోతారు, కొందరు ఆటోనగర్‌లో సొంత షెడ్డు పెడతారు. ఎక్కడున్నా ఎవరో ఒకరు మీ దగ్గరికొచ్చి "కొంచెం చోటు చేసిపెట్టు" అంటారు. చెయ్యండి. రెండో టర్బో చెడ్డదేం కాదు. సరిగ్గా అమర్చితే పొగ తగ్గిస్తుంది, బలమిస్తుంది. పెద్దాయన బండి కొండంత మొక్కజొన్న ట్రెయిలరుని నల్ల పొగ లేకుండా లాగటం నేను కళ్ళారా చూశాను. ఆ బండిని తలుచుకుంటే సంతోషంగా ఉంటుంది. ఆ రెండో బండి మాత్రం ఎక్కడ తిరుగుతోందో, ఎవరి వెనక పొగ వదులుతోందో నాకు తెలీదు.

హాస్టలు మిత్రులకి చివరగా ఒక మాట. ఈ ఏడు మీ గదిలో మూడో మంచం పడితే, ఊరెళ్ళినవాడి పెట్టె వరండాలో పెట్టకండి. బల్ల జరపండి. అప్పటికీ చాలకపోతే మంచాలు ఒకదాని మీద ఒకటి వెయ్యండి. వర్క్‌షాపులో వెల్డింగు సెట్టు ఉండనే ఉంది.